కొవ్వాడ: భయం వెనకున్న లెక్క

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో ‘కేంద్రకాలు’ అని ఒక పాఠం ఉంది. విజయనగరంలో ఆ పాఠం చెప్పడం మొదలుపెట్టి నాకు చాలా ఏళ్ళయింది. యురేనియం కేంద్రకం రెండు ముక్కలవుతుందని, అప్పుడు తగ్గిన పిసరంత ద్రవ్యరాశే శక్తిగా బయటికొస్తుందని బోర్డు మీద రాస్తుంటే, ఏటా ఎవరో ఒకరు అదే ప్రశ్న వేస్తారు. ఈసారి అడిగింది రణస్థలం వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. “సార్, కొవ్వాడలో అది కడితే మనం ఉంటామా, పోతామా?”

‘అది’ అంటే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ తీరంలో కడతామంటున్న అణు విద్యుత్ కేంద్రం. క్లాసులో కొందరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేసేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. ఒకరు అణు కేంద్రం పేలిన చెర్నోబిల్ ఫోటోలు చూపిస్తారు. ఇంకొకరు ఇంతకంటే శుభ్రమైన కరెంటు లేదని, చదువు లేక జనం భయపడుతున్నారని కొట్టిపారేస్తారు. భౌతికశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి, పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో. ఈ రెండు జవాబులూ నాకు మింగుడుపడవు. కొవ్వాడ గొడవలో మూడు ప్రశ్నలు చిక్కుపడిన వలలాగా పెనవేసుకుపోయాయి. ఈ కరెంటు వాతావరణాన్ని వేడెక్కించకుండా వస్తుందా అన్నది ఒకటి. ఇంత ఖర్చూ ఇంత ప్రమాదమూ నెత్తినేసుకుని, ఈ తీరంలో, ఈ రియాక్టర్లే తెచ్చుకోవాలా అన్నది ఇంకొకటి. ఊరు ఖాళీ చేయాల్సింది ఎవరు, చేయమనే హక్కు ఎవరికుంది అన్నది మూడోది. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును తెచ్చి మూడోదానికి అతికిస్తున్నారు. అందుకే ఇన్నేళ్ళయినా ఒకరి మాట ఒకరికి ఎక్కడం లేదు.

కొవ్వాడ పేరు ఎలా వచ్చింది

భారత్–అమెరికా అణు ఒప్పందం 2008లో కుదిరాక, విదేశీ రియాక్టర్ల కోసం కేంద్రం 2009లో కొన్ని తీర ప్రాంతాలను సూత్రప్రాయంగా ఎంపిక చేసింది. ఫ్రాన్సుకు మహారాష్ట్రలోని జైతాపూర్, రష్యాకు పశ్చిమ బెంగాల్‌లోని హరిపూర్, అమెరికా కంపెనీలకు గుజరాత్‌లోని మీఠీ విర్ది, మన రణస్థలం మండలంలోని కొవ్వాడ. మొదట ఇక్కడికి రావాల్సింది జీఈ–హిటాచీ. ప్రమాదం జరిగితే యంత్రాలు సరఫరా చేసినవాళ్ళ మీద కూడా దావా వేసే వీలున్న 2010 నాటి పరిహార చట్టం ఉన్నంతకాలం ముందుకు రాలేమని ఆ కంపెనీ తప్పుకుంది. హరిపూర్‌ను బెంగాల్ ప్రభుత్వం 2011లో వద్దనేసింది. మీఠీ విర్దిలో రైతులు ఎదురుతిరిగారు. అక్కడ పెట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు 2016లో కొవ్వాడకు మళ్ళాయి. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లవి ఆరు, మొత్తం 7,248 మెగావాట్లు. మరుసటి ఏడాది మార్చిలో వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది. తర్వాత చేతులు మారి మళ్ళీ నిలబడింది. ఆరు అమెరికా రియాక్టర్లు కడతామని 2019 మార్చిలో రెండు దేశాలూ మరోసారి ప్రకటించాయి.

గుజరాత్ రైతులు వద్దన్నది మా గుమ్మంలోకి వచ్చిందన్న మాట మా వైపు ఇప్పటికీ అంటారు. చరిత్ర తెలిస్తే ఆ మాటను తోసిపుచ్చలేం.

ఇక్కడ ఇంకో తేదీ చెప్పాలి. 2010 జూలై 14న సోంపేటలో, బీల చిత్తడి నేలల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దన్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. బీలంటే కాగితాల్లో బంజరే. ఊళ్ళకు మాత్రం అది వరి, చేప, తుంగ. ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. ఎప్పుడు? కాల్పులు జరిగిన రోజునే. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర, ఇంకో బొగ్గు కేంద్రం విషయంలో మళ్ళీ తూటాలు, మళ్ళీ శవాలు. సరిగ్గా పదకొండు రోజులకు, మార్చి 11న, జపాన్‌లో సునామీ వచ్చి ఫుకుషిమా రియాక్టర్లు కరిగిపోయాయి. కాకరాపల్లి చితిమంటలు చల్లారకముందే మా జిల్లా టీవీలో చూసిన దృశ్యం అది. కొవ్వాడ వాళ్ళకు భయం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్ళు ఈ మూడు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. రిలే నిరాహార దీక్షలూ ధర్నాలూ ఆ తర్వాతవి.

పొగ లేదన్న మాట నిజమే

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక, దాని మీద పోట్లాట అనవసరం. అణు రియాక్టర్ కూడా ఒక బాయిలరే. బొగ్గు మండించి నీళ్ళు మరిగించే బదులు, కేంద్రకాలు చీలినప్పుడు వచ్చే వేడితో మరిగిస్తారు. ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. కిలో యురేనియం–235 పూర్తిగా చీలితే వచ్చే వేడి దాదాపు 3,000 టన్నుల మంచి బొగ్గుతో సమానం. గని తవ్వడం నుంచి కేంద్రం కూల్చేదాకా మొత్తం కలిపి చూస్తే, ఒక యూనిట్ కరెంటుకు అణువిద్యుత్తు వల్ల వచ్చే కర్బన ఉద్గారాలు సుమారు 12 గ్రాములని వాతావరణ మార్పుల మీద ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2014లో లెక్కగట్టింది. గాలిమరలవీ ఇంచుమించు అంతే. సోలార్‌వి 40 నుంచి 50 గ్రాములు. బొగ్గువి 820.

బొగ్గు పొగ ఏటా తీసే ప్రాణాలతో పోలిస్తే, ప్రపంచంలో ఇప్పటిదాకా జరిగిన అణు ప్రమాదాలన్నీ కలిపి తీసిన ప్రాణాలు తక్కువే. ఈ మాట క్లాసులో దాచకుండా చెబుతాను. సోంపేట, కాకరాపల్లి ఉద్యమాలకు అండగా నిలిచినవాళ్ళు కూడా దీన్ని ఒప్పుకోవడంలో నష్టం లేదు. జర్మనీ 2023 ఏప్రిల్ 15న తన చివరి మూడు రియాక్టర్లనూ మూసేసింది, బొగ్గును మాత్రం ఇంకా పూర్తిగా వదల్లేదు. ఆ వరస సరైంది కాదని నా అభిప్రాయం. నడుస్తున్న రియాక్టర్‌ను ఆపడం ఒక ప్రశ్న, కొత్త చోట కొత్తది కట్టడం వేరే ప్రశ్న.

ఆర్పినా ఆరని పొయ్యి

భద్రత సంగతికొస్తే పాఠ్యపుస్తకం సరిగా చెప్పని విషయం ఒకటుంది. దాని పేరు క్షయ ఉష్ణం.

కట్టెల పొయ్యి మీద అన్నం వండినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. మంట ఆర్పేసినా నిప్పులు, పొయ్యి రాళ్ళు చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటాయి. రియాక్టర్‌లో న్యూట్రాన్లను పీల్చుకునే కంట్రోల్ రాడ్లు దించగానే, ఒక చీలిక ఇంకో చీలికకు దారితీసే గొలుసు చర్య క్షణాల్లో ఆగిపోతుంది. అయితే అప్పటిదాకా చీలిన ముక్కలు రేడియోధార్మికంగా విచ్ఛిన్నమవుతూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో అది మొత్తం వేడిలో ఆరేడు శాతం. ఒక రోజు గడిచినా అర శాతం ఉంటుంది. కొవ్వాడకు అనుకున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ–1000 రియాక్టర్ ఉష్ణ సామర్థ్యం, అంటే అది పుట్టించే వేడి, సుమారు 3,400 మెగావాట్లు. అందులో అర శాతమంటే 17 మెగావాట్లు, రెండు కిలోవాట్ల నీళ్ళ హీటర్లు ఎనిమిది వేలకు పైగా ఆపకుండా వేసి ఉంచినట్టు. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసేయకపోతే ఇంధనం కరుగుతుంది. ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు సరిగానే ఆగాయి. బయటి కరెంటు లైన్లు పోయాయి, సునామీ నీళ్ళు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి, పంపులు ఆగాయి. మిగతా కథంతా ఆ ఆగిన పంపులదే.

కరెంటు పుట్టించే కేంద్రానికే ఆపత్కాలంలో కరెంటు కావాలన్నమాట. దీన్ని మా తీరానికి అన్వయించి చూడండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున టిట్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి మండలంలో మా చుట్టాల ఊరికి నేను వెళ్ళగలిగింది నాలుగో రోజున. రోడ్డు మీద అడుగడుక్కీ కొబ్బరి చెట్లు పడి ఉన్నాయి, రంపాలతో కోసి దారి చేస్తున్నారు. కరెంటు స్తంభాలు వరసగా, ఒకే దిక్కుకు, ఎవరో చేత్తో వంచినట్టు ఒరిగిపోయి ఉన్నాయి. ఊరి మధ్యలో ఒక జనరేటర్ పెట్టి డబ్బులు తీసుకుని సెల్‌ఫోన్లు చార్జింగ్ చేస్తున్నారు. ఒక ముసలావిడ ఆసుపత్రిలో ఉన్న కొడుకుతో మాట్లాడాలని చార్జింగ్ లేని ఫోన్ పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడూ ఇదే తీరు. ఈ తీరంలో లైన్లు పోవడం వింతేమీ కాదు.

న్యాయంగా చెప్పాలంటే, ఏపీ–1000 డిజైన్ పుట్టిందే ఈ సమస్యకు సమాధానంగా. దాని పైకప్పులో పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంటుంది. కరెంటు పూర్తిగా పోయినా, మనిషి చెయ్యి వేయకపోయినా, నీళ్ళు తమ బరువుతోనే దిగి 72 గంటలు చల్లబరుస్తాయి. ఫుకుషిమాలోని పాత రియాక్టర్లకు ఆ ఏర్పాటు లేదు. ఇది నిజమైన ముందడుగు. మరి మూడు రోజుల తర్వాత? ట్యాంకు మళ్ళీ నింపాలి. అందుకూ చిన్న పంపులు, చిన్న జనరేటర్లు సిద్ధంగా ఉంచుతారు. ఆ తర్వాత బయటినుంచి సాయం రావాలి. నాలుగో రోజున కవిటి రోడ్డు ఎలా ఉందో చూశాను కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకంలోది కాదు. ఏ రోడ్డున వస్తుంది సాయం? జనం ఏ రోడ్డున పోతారు? దీనికి ఇంజనీర్ల దగ్గర జవాబు ఉండొచ్చు, ఉండాలి కూడా. ఆ జవాబు కొవ్వాడ పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించి ఉండాలి.

ఇసుకలో ఉన్నదీ, నీళ్ళలో ఉన్నదీ

రేడియేషన్ అనగానే పిల్లలు వణుకుతారు. అప్పుడు కళింగపట్నం తీరం నుంచి తెచ్చిన ఇసుక సీసా బల్ల మీద పెడతాను. అయస్కాంతం తిప్పితే నల్ల రేణువులు మీసాల్లాగా అంటుకుంటాయి. భావనపాడు నుంచి భీమిలి దాకా మన తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ ఖనిజాలతో పాటు మోనజైట్ కూడా ఉంది. మోనజైట్‌లో ఉండేది థోరియం అనే రేడియోధార్మిక మూలకం. హోమీ భాభా రూపొందించిన మూడు దశల అణు కార్యక్రమంలో చివరి మెట్టు ఈ థోరియమే. మనం రోజూ తొక్కే ఇసుకకే కాస్త రేడియోధార్మికత ఉంది. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదు ఎలాగూ అందుతుంది. కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ వల్ల ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ ఏళ్ళ తరబడి జరిపిన అధ్యయనంలో ఆ కారణంగా క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు. సక్రమంగా నడిచే అణు కేంద్రం చుట్టుపక్కల జనానికి కలిపే మోతాదు ఏడాదికి 1 మిల్లీసీవర్టు దాటకూడదన్నది మన దేశంలో నిబంధన.

ఇదంతా చెప్పాక పిల్లల భయం కొంత తగ్గుతుంది. పెద్దవాళ్ళది తగ్గదు. కారణం ఉద్దానం. సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో మనుషులు రాలిపోతున్నారు. రెండు దశాబ్దాలు దాటింది. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. ఇదీ కారణమని అందరూ ఒప్పుకునేలా ఇప్పటికీ తేలలేదు. తాగే నీళ్ళ మాటే ఇంతకాలం తేల్చలేకపోయిన వ్యవస్థ, కంటికి కనబడని కిరణాల సంగతి మాకొదిలేయండి అంటే నమ్మడం ఎలా? శ్రీకాకుళం మనిషి అపనమ్మకం వెనక డయాలసిస్ మంచాల వరస ఉంది. అణుశాఖ ఎన్ని కరపత్రాలు పంచినా దానికి బదులు కాలేదు.

సముద్రం సంగతి వేరే. అణు కేంద్రం పుట్టించే వేడిలో మూడో వంతే కరెంటవుతుంది, మిగతాది బయటికి పోవాల్సిందే. కొవ్వాడలో ఆరు రియాక్టర్లూ నడిస్తే 13,000 మెగావాట్లకు పైగా వేడి. కూలింగ్ టవర్లు కడితే చాలావరకు గాలిలో కలుస్తుంది. సముద్రపు నీళ్ళు నేరుగా తోడి వదిలితే ఆ వేడంతా తీరం దగ్గరి నీళ్ళలోకి పోతుంది. వదిలే నీరు సముద్రం కంటే 7 డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదని నిబంధన. ఏడు డిగ్రీలంటే ఒడ్డున నిలబడ్డ మనకు తేడా తెలియకపోవచ్చు. నెత్తళ్ళకూ కానాగంతలకూ తెలుస్తుంది. ఒడ్డున గుడ్లు పెట్టే చేప లోపలికి జరిగితే చిన్న బోటు వాడికి అందదు. ఇప్పటికే పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల మీద జాలర్లకు ఫిర్యాదులున్నాయి. దానికి ఇది తోడవుతుందని వాళ్ళ దిగులు.

డబ్బూ, బాధ్యతా

ఇంతవరకు నేను అటూ ఇటూ చూస్తూ వచ్చాను. ఖర్చు దగ్గరికొచ్చేసరికి నా త్రాసు ఒక వైపుకు మొగ్గుతుంది.

ఏపీ–1000 రియాక్టర్లు అమెరికాలో రెండు చోట్ల మొదలయ్యాయి. సౌత్ కరోలినాలో సుమారు 900 కోట్ల డాలర్లు పోశాక 2017లో చేతులెత్తేశారు. జార్జియాలోని వోగ్టిల్‌లో రెండు యూనిట్లు పూర్తయ్యాయి, ఒకటి 2023లో, ఇంకొకటి 2024లో. మొదట అనుకున్నది 1,400 కోట్ల డాలర్లు. అయింది 3,000 కోట్లకు పైనే, అదీ ఏడేళ్ళు ఆలస్యంగా. రూపాయల్లో అది రెండున్నర లక్షల కోట్లకు తక్కువ కాదు, వచ్చిన సామర్థ్యం 2,200 మెగావాట్ల చిల్లర. చైనాలో ఇవే రియాక్టర్లు 2018లో నడకలోకి వచ్చాయి, అక్కడ చవకగానే కట్టారు. మన దగ్గర అంత చవకగా అవుతుందనడానికి ఆధారం ఎవరూ చూపలేదు. తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రం ఒప్పందం 1988 నాటిది, పని మొదలైంది 2002లో, మొదటి యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది 2014 ఆఖర్లో. స్వదేశీ 700 మెగావాట్ల రియాక్టర్లు గుజరాత్‌లోని కాక్రాపార్‌లో నడుస్తున్నాయి. దేశానికి అణువిద్యుత్తు కావాలనుకుంటే అదే దారి నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

మాజీ కేంద్ర ఇంధన కార్యదర్శి, విశాఖవాసి ఇ.ఏ.ఎస్. శర్మ ఎన్నో ఏళ్ళుగా కొవ్వాడ ప్రాజెక్టును వ్యతిరేకిస్తూ ప్రభుత్వానికి లేఖలు రాస్తున్నారు. విద్యుత్ శాఖను నడిపిన మనిషిని చదువు లేక భయపడుతున్నాడని ఎవరూ అనలేరు కదా.

ఇక బాధ్యత. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత ఈ దేశానికి ఒక పాఠం తెలిసొచ్చింది, కంపెనీ ఇచ్చేదానికీ జనం పోగొట్టుకున్నదానికీ పొంతన ఉండదని. అందుకే 2010 చట్టంలో సరఫరాదారును కూడా నిలదీసే సెక్షన్ పెట్టారు. 2025 బడ్జెట్‌లో 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యంగా ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు కొత్త ‘శాంతి’ చట్టం తెచ్చింది. ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది, సరఫరాదారు మీదికి వెళ్ళే ఆ పాత దారిని ఇరుకు చేసింది. అతి పెద్ద రియాక్టర్లకు సైతం నిర్వాహకుడి బాధ్యత 3,000 కోట్ల రూపాయల దగ్గర ఆగిపోతుంది. ఫుకుషిమాలో కంపెనీ చెల్లించిన పరిహారం ఇప్పటికే 10 లక్షల కోట్ల యెన్‌లు దాటింది, మన లెక్కలో 5 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసినప్పుడు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

రియాక్టర్ అంత సురక్షితమైనదే అయితే, దాన్ని తయారుచేసినవాడు పూచీ పడటానికి ఎందుకు జంకుతున్నాడు? కొవ్వాడ దీక్షా శిబిరాల్లో అడిగిన ప్రశ్న ఇది. సూటి ప్రశ్న. సూటి జవాబు ఇంకా రాలేదు.

ఊరొద్దంటే ఎలాగ?

కొవ్వాడ, రామచంద్రపురం, గూడెం, కోటపాలెం లాంటి ఊళ్ళలో రెండు వేల ఎకరాలకు పైగా భూమి ప్రాజెక్టుకు పోతుంది. ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళకు ఎచ్చెర్ల మండలం ధర్మవరంలో పునరావాసం అన్నారు. ఒక ఆదివారం నేను కొవ్వాడ ఒడ్డుకు వెళ్ళాను. తెల్లవారి వేసిన వల అప్పుడే లాగుతున్నారు. రెండు వరసల్లో మగవాళ్ళు తాడు భుజానేసుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నారు, ఇసుకలో మడమలు దిగబడిపోతున్నాయి. పడింది గంపెడు నెత్తళ్ళు, నాలుగు చందువలు. గంప నెత్తికెత్తుకోబోతున్న ఒకామెను ప్లాంటు సంగతి అడిగాను.

“కరెంటొద్దని ఎవులన్నారు బాబూ? మా ఇంట్లోనూ ఫేన్లున్నాయి. ఊరొద్దంటే ఎలాగ? ధర్మారంలో ఇల్లిత్తారు సరే, సంద్రం ఇత్తారా?”

ఆమె అన్నది మూడో ప్రశ్న. నేను అప్పటిదాకా చెప్పుకొచ్చిన గ్రాములూ మెగావాట్లూ దానికి జవాబు కావు. ఒడ్డున ఇల్లుండటం జాలరికి పనిముట్టుతో సమానం. గాలి మళ్ళిందని వాకిట్లోంచి చూసి తెలుసుకుని పడవ దించాలి. ఇక్కడ బతుకు చాలకే మనవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోతున్నారు. 2018 చివర్లో అక్కడినుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చినవాళ్ళలో ఎచ్చెర్ల మండలం జాలర్లున్నారు. ఉన్న ఒడ్డు కూడా పోతే ఆ వలస ఇంకా పెరుగుతుంది. హిరమండలం రిజర్వాయరు కింద వంశధార నిర్వాసితులు పడ్డ పాట్లు చూసినవాళ్ళే ఇక్కడ అందరూ. ప్యాకేజీ అన్న మాట వింటేనే మొహాలు మాడతాయి.

చట్టంలో ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు ప్రాజెక్టయితే 80 శాతం మంది, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది నిర్వాసితులు ఒప్పుకోవాలి. పూర్తిగా ప్రభుత్వ సంస్థ తన కోసం తీసుకుంటే ఆ ఒప్పుదల అక్కర్లేదు, సామాజిక ప్రభావ అంచనా మాత్రం ఉండాలి. రాష్ట్రం 2018లో చేసిన సవరణ కొన్ని ప్రాజెక్టులకు ఆ షరతులూ సడలించింది. జనానికి ఇదంతా అక్కడా ఇక్కడా విన్న ముక్కలుగా చేరుతుంది. ప్రజాభిప్రాయ సేకరణ రోజున వందల పేజీల ఇంగ్లీషు నివేదిక ఎదురుగా పెట్టి, మూడు నిమిషాల్లో మీ అభిప్రాయం చెప్పండంటే అది సేకరణ ఎలా అవుతుంది?

మరి కరెంటు ఎక్కడినుంచి?

ప్రాజెక్టు కావాలనేవాళ్ళ వాదనలో నాకు గౌరవం ఉన్న భాగం ఇది. విజయనగరం జిల్లాలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలు కరెంటు చార్జీలు మోయలేక మూతపడిన సందర్భాలున్నాయి. మా పిల్లలు చదువైపోగానే హైదరాబాదో బెంగళూరో బస్సెక్కుతున్నారు. కరెంటు, పని, రెండూ కావాలి. అణువిద్యుత్తుకు భూమి తక్కువ పడుతుందన్నదీ నిజమే. రెండు వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరిస్తే 400, 500 మెగావాట్లు. రాత్రీ మబ్బూ తీసేస్తే సగటున 90 మెగావాట్లు దక్కుతాయి. అదే భూమిలో అనుకున్నట్టు నడిస్తే ఆరు రియాక్టర్లు సగటున 5,800 మెగావాట్లు ఇస్తాయి. అరవై రెట్లు. సోలార్‌ను ఇష్టపడేవాళ్ళం ఈ లెక్కను దాటేసి పోకూడదు.

అలాగని అనుకున్నట్టు ఎప్పుడు నడుస్తాయి? 2009లో పేరు పెట్టిన కొవ్వాడలో ఇప్పటికి ఒక్క యూనిట్ కరెంటు పుట్టలేదు. ఈలోపు దేశంలో సోలార్ సామర్థ్యం 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటింది. డెబ్బై ఏళ్ళు దాటిన కార్యక్రమం తర్వాత అణువిద్యుత్తు 2025లో తొమ్మిది వేల లోపే, దేశం వాడే కరెంటులో మూడు శాతం. సోలార్ కరెంటు టెండర్లలో యూనిట్ మూడు రూపాయల లోపు పలుకుతోంది, బ్యాటరీ కలిపినా మూడున్నర చుట్టుపక్కలే. చిన్న ఇంటి కప్పు సరిపోయే మూడు కిలోవాట్ల పలకలకు కేంద్రం సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మా వీధిలో నాలుగు ఇళ్ళ మీద వచ్చాయి. టిట్లీ తర్వాత ఆ ఊళ్ళో చీకట్లో మెరిసింది కూడా ఒక సోలార్ దీపమే, కిరాణా కొట్టు చూరుకు వేలాడుతూ.

రాయలసీమకున్నంత ఎండ, గాలి మనకు లేవు. జూలై నుంచి అక్టోబరు దాకా మబ్బులే. పగటి కరెంటు రాత్రికి దాచాలి. అందుకు బ్యాటరీలు కొంత, కొండల్లో పంప్డ్ స్టోరేజీ కొంత. పగలు నీళ్ళు పైకి తోడి రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఒకప్పటి విజయనగరం జిల్లా, ఇప్పటి పార్వతీపురం మన్యంలోని కురుకుట్టి, కర్రివలస దగ్గర ఇలాంటివి తలపెట్టారు. అక్కడ ఆదివాసులు ఆందోళన చేస్తున్నారు, గ్రామసభ అడగకుండా మా కొండెలా ఇస్తారని. సోలార్ వెనక కూడా మళ్ళీ కొవ్వాడ ప్రశ్నే నిలబడి ఉంది. పొగ లేకపోయినంత మాత్రాన ఒకరి కొండో ఒడ్డో అడక్కుండా తీసుకునే హక్కు ఏ కరెంటుకూ రాదు. చిన్నగా, ఇళ్ళ కప్పుల మీద, కాలువల మీద, వ్యవసాయ ఫీడర్ల దగ్గర పెట్టుకోగలిగినంత ముందు పెట్టుకుని, ఆ తర్వాతే కొండా తీరమూ అడగాలని నా వాదన. దానితో మొత్తం అవసరం తీరదు. అయితే 2009 నుంచి అలా మొదలుపెట్టి ఉంటే ఈపాటికి చాలా దూరం వచ్చి ఉండేవాళ్ళం.

ఆ రోజు క్లాసులో ఆ అమ్మాయికి పూర్తి జవాబు చెప్పలేదు. మర్నాడు జిల్లా మ్యాపు తెచ్చాను. అణు కేంద్రం చుట్టూ 5 కిలోమీటర్ల దాకా జనాభా పెరుగుదలను అదుపులో ఉంచాలని, 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక తయారుగా ఉండాలని నిబంధనలున్నాయని చెప్పాను. తను జామెట్రీ బాక్సులోంచి కంపాసు తీసి, స్కేలు చూసుకుని, కొవ్వాడ మీద ముల్లు పెట్టి పెన్సిల్‌తో 16 కిలోమీటర్ల చుట్టు గీసింది. గీత జాతీయ రహదారిని దాటింది, రణస్థలాన్ని లోపలేసుకుంది. సముద్రం వైపు సగం నీలం. తన ఊరు, మేనత్త ఊరు, పదో తరగతి చదివిన స్కూలు, మూడింటికీ చుక్కలు పెట్టింది. తర్వాత నోటుబుక్కు చివరి పేజీ చింపి తెలుగులో రాయడం మొదలుపెట్టింది. మొదటి వరస ఇది: “తుఫాను రోజున సెల్ టవర్ పనిచేయకపోతే మా ఊరికి కబురు ఎవరు తెస్తారు?” బస్సు వేళయ్యేసరికి పద్నాలుగు ప్రశ్నలయ్యాయి. ప్రజాభిప్రాయ సేకరణ మళ్ళీ పెడితే తీసుకెళ్తానని, మ్యాపుతో పాటు మడిచి పుస్తకంలో పెట్టుకుంది.